ఊరి పాటను రికార్డు చేసి, దాచి, మళ్లీ ఊరికి అందించడం ఎలా?

బిరుదురాజు రామరాజు 1950ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. నేదునూరి గంగాధరం పల్లె పాటలను పోగుచేసి పుస్తకాలుగా తెచ్చారు. అలాంటి వాళ్ల పుణ్యాన ఎన్నో పాటల మాట మనకు మిగిలింది. కానీ ఆ పాటను ఎవరు ఎత్తుకున్నారు, ఏ వరసలో పాడారు, వెనక ఎవరు అందుకున్నారు అన్నది అచ్చులో వినిపించదు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది కాబట్టి గొంతు దొరుకుతోంది. అయితే అది ఎవరి గొంతో, ఏ ఊరిదో, ఆ పాట ఎప్పుడు పాడతారో చెప్పే ఒక్క ముక్క కూడా లేకుండా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నా లెక్కలో, పాడినవాళ్ల పేరు లేని రికార్డింగ్ సగం రికార్డింగే. ఈ మార్గదర్శిలో మైకుల గురించి ఎంత చెబుతానో, వివరాలు రాసుకోవడం గురించి అంతకన్నా ఎక్కువ చెప్పడానికి కారణం అదే.

ఇది యూనివర్సిటీ పరిశోధకుల కోసం రాసింది కాదు. మీ అమ్మమ్మ పాటలు, మీ ఊరి బతుకమ్మ పాటలు, ఏటా మీ వీధిలోకి వచ్చే కథకుల కథ పోకుండా చూడాలనుకునే మామూలు మనుషుల కోసం.

మొదటి అడుగు: పరిధి చిన్నగా పెట్టుకోండి

"మా జిల్లా జానపదం మొత్తం" అని మొదలుపెడితే ఆ పని సాగదు. ఒక ఇల్లు, ఒక వాడ, ఒక పండగ, ఒక కళాకారుల బృందం, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. ఆడవాళ్ల పాటలైతే రోకటి పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు, లాలి పాటలు, అప్పగింతల పాటలు, గొబ్బి పాటలు, మంగళహారతులు, ఊర్మిళాదేవి నిద్ర లాంటి పొడుగాటి రామాయణ పాటలు, ఇలా దేని దారి దానిది. వృత్తి కళాకారులైతే ఒగ్గు కథ, శారద కథ, ఉత్తరాంధ్ర జముకుల కథ, చిందు యక్షగానం. వీటికి కావలసిన సమయం, పరికరాలు, మర్యాదలు అన్నీ వేరు.

ఏది ముందు? పెద్దవాళ్లకు మాత్రమే వచ్చినవి ముందు. వరి నాట్లకు యంత్రం వచ్చిన ఊళ్లో నాటు పాట ఇక పొలంలో పుట్టదు. ఇంటింటికీ మిక్సీ వచ్చాక రోకటి పాటకూ పని లేకుండా పోయింది. బతుకమ్మ పాటలు ఇంకా ఏటా వినబడుతున్నాయి కాబట్టి వాటికి కాస్త వ్యవధి ఉంది.

రెండో అడుగు: ఫోన్ బయటికి తీయకముందే మాట్లాడండి

మొదటిసారి వెళ్లినప్పుడు రికార్డింగ్ వద్దు. కూర్చుని మాట్లాడి రండి. "జానపద గేయాలు చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ గుర్తు రాదు, "నాకేం పాటలొచ్చు నాయనా" అనేస్తారు. "నాట్లేసేటప్పుడు ఏం పాడేవాళ్లు పెద్దమ్మా?", "పిల్లని అప్పగించేటప్పుడు మీ అమ్మ ఏం పాడింది?" అని పని పేరో సందర్భం పేరో చెప్పి అడగండి. ఒకరు మొదటి చరణం అనగానే పక్కావిడ "అట్లా కాదు" అని అందుకుంటుంది. అక్కడి నుంచి మీరు అడగాల్సిన పనే ఉండదు.

అనుమతి విషయంలో మొహమాటం పనికిరాదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రదర్శించిన కళాకారులకు వాళ్ల ప్రదర్శన మీద హక్కు ఇచ్చింది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. పాట తరతరాలుగా వస్తున్నదే కావచ్చు, ఈ రోజు పాడిన ఈ గొంతు మాత్రం ఆమెది. సంతకాల కాగితం చూస్తే చాలామంది భూమి వ్యవహారమేమో అని జంకుతారు. అందుకే మాటగానే అడిగి, ఆ జవాబునే రికార్డు చేయడం మేలు: "పెద్దమ్మా, మీరు పాడింది ఇందులో ఎక్కుతుంది. దీన్ని మీ ఇంట్లోవాళ్లే వినాలా, ఊళ్లోవాళ్లు వినొచ్చా, లేక మనకు తెలియనివాళ్లు కూడా ఫోన్లో వినొచ్చా? మీ పేరు చెప్పమంటారా, వద్దంటారా?" ఈ మూడు స్థాయులను ప్రతి పాటకూ విడిగా అడగండి. మంగళహారతి అందరూ వినొచ్చు అన్నావిడే, వియ్యాలవారిని ఆటపట్టించే పాట ఊరు దాటొద్దు అనవచ్చు. అందులో బతికున్నవాళ్ల పేర్లు ఉంటాయి మరి.

కొన్ని పాటలు ఎప్పుడు పడితే అప్పుడు పాడరు. శోకాలు ఇంట్లో ఊరికే పాడితే కీడని నమ్మేవాళ్లు చాలామంది. దేవుడి కథలకు పూజ, పట్నం (దేవుడి ముందు వేసే రంగుల ముగ్గు), కొబ్బరికాయ లాంటి విధులుంటాయి. "కొంచెం పాడి చూపించండి, ఏమవుతుంది" అని బలవంతపెట్టకండి. ఆ సందర్భం వచ్చేదాకా ఆగండి, లేదా ఆ పాట మీకు అందదని ఒప్పుకోండి.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చాలి. వృత్తి కళాకారులు కథ చెప్పి బతుకుతారు. మీరు రికార్డు చేసే రోజు వాళ్లకు ఒక పని దినం. వాళ్లు మామూలుగా తీసుకునే సంభావన ఇవ్వండి. పక్కింటి అత్తకు డబ్బిస్తే నొచ్చుకుంటుంది, ఆమెకు పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ, పళ్లు మర్యాద. ఎవరికి ఏది తగునో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

మూడో అడుగు: పరికరాలు

ఫోన్ చాలు, కొన్ని జాగ్రత్తలతో. ఫోన్‌తో వచ్చే వాయిస్ రికార్డర్ చాలాసార్లు ధ్వనిని కుదించి దాస్తుంది. వేవ్ (WAV) ఫార్మాట్‌లో, అంటే ధ్వనిని కుదించకుండా, దాచే యాప్ వేసుకుని, సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. అది లేకపోతే 16 బిట్ అయినా సరే. చుట్టుపక్కల శబ్దం తగ్గించే సెట్టింగ్ ఉంటే తప్పనిసరిగా ఆపేయండి. ఆ సాఫ్ట్‌వేర్‌కు మాట ఒక్కటే కావాలి, డప్పునూ తాళాన్నీ గోలగా లెక్కేసి నొక్కేస్తుంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే పాట మధ్యలో కాల్ వస్తుంది.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే చేతిలో పట్టే రికార్డర్ కొనండి. దానికి రెండు మైకులు ఉంటాయి కాబట్టి ముందు పాడేవాళ్లు, వెనక అందుకునేవాళ్లు విడిగా వినబడతారు. గాలికి మైకు మీద తొడిగే బొచ్చు కవరు కూడా తీసుకోండి. మన పల్లెల్లో మంచి పాటలన్నీ ఆరుబయటే వస్తాయి.

చోటు లెక్క: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటదు, అంటే దాదాపు 4 గంటలు. రాత్రంతా సాగే ఒగ్గు కథకో చిందు ఆటకో వెళ్తే మీ రికార్డర్ ఫైలును తనంతట తాను ముక్కలు చేస్తుందో, ఆగిపోతుందో ఇంటి దగ్గరే పరీక్షించుకోండి. పవర్ బ్యాంకు, రెండో మెమొరీ కార్డు దగ్గర పెట్టుకోండి.

నాలుగో అడుగు: చోటు

టైల్స్ వేసిన కొత్త హాలు రికార్డింగ్‌కు పనికిరాదు, గొంతు గోడలకు కొట్టుకుని మోగుతుంది. బట్టలు, బొంతలు, ధాన్యం బస్తాలు ఉన్న గది మేలు. పెంకుటింటి వసారా ఇంకా మేలు. ఫ్యాన్, టీవీ, ఫ్రిజ్ ఆపించండి. ఫ్రిజ్ ఆపితే బండి తాళాన్ని దాని మీద పెట్టండి, వెళ్లేటప్పుడు తిరిగి ఆన్ చేయడం మరచిపోరు.

ఒక్కరే పాడుతుంటే మైకు మూరెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా ఉంచండి. గుంపు అయితే రెండు మూడు గజాల దూరం. బతుకమ్మలో మైకును వలయం మధ్యలో పెడితే తిరిగే ప్రతి గొంతూ దగ్గరికొచ్చి దూరమవుతుంటుంది. పాట నడిపే ఆవిడకు దగ్గరగా ఎవరైనా రికార్డర్ పట్టుకుని వెంట నడిస్తే మాటలు తెలుస్తాయి. వీలైతే రెండు రకాలుగానూ చేయండి. డప్పు, డోలు ఉన్నచోట ముందుగా వాటిని గట్టిగా వాయించమని చెప్పి, ధ్వని సూచిక ఎర్రగీత తాకకుండా మట్టం తగ్గించండి. గొంతు మెల్లగా ఉన్నా తర్వాత పెంచుకోవచ్చు, చిట్లిన ధ్వనిని బాగుచేయలేం.

ఐదో అడుగు: పాడేటప్పుడు

మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరింట్లో ఉన్నారు, ఎవరెవరు పాడుతున్నారు, ఎవరు రికార్డు చేస్తున్నారు అన్నది చెప్పండి. కాగితం పోయినా ఆ మాటలు ఫైల్లోనే ఉంటాయి.

తర్వాత మీరు నోరు మూసుకోవాలి. "ఆహా", "భలే" కూడా వద్దు, తలాడించండి చాలు. పాట అయ్యాక వెంటనే ఆపకండి. ఆ తర్వాత వచ్చే మాటల్లోనే అసలు సంగతి ఉంటుంది: "ఇది మా అత్త పాడేది, ఇంకో రెండు చరణాలుండాలి, గుర్తు రావట్లే."

పని పాటలను పనితోనే రికార్డు చేయమని గట్టిగా చెబుతాను. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో పసుపు దంచుతుంటే చూడండి. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడుతుంది. పోటు పడిన చోట పాటలో మాట బరువుగా పడుతుంది, రోకలి లేచేటప్పుడు ఊపిరి తీసుకుంటారు, అలుపొచ్చిన చోట "సువ్వి" అన్న పల్లవి వచ్చి ఊపిరి నిలబెడుతుంది. అదే పాటను మంచం మీద కూర్చోబెట్టి పాడిస్తే వేగం పెరిగిపోతుంది, పల్లవి సగం ఎగిరిపోతుంది, చరణాల వరస కూడా తారుమారవుతుంది. చేతికి రోకలి ఇస్తే మరచిపోయిన చరణం కూడా తన్నుకొస్తుంది. రోలు లేకపోతే కనీసం నేల మీద కర్రతో పోటు వేయమనండి. వాళ్లు అలసిపోకుండా చూసుకోండి. పెద్ద వయసువాళ్ల దగ్గర ముప్పావు గంటకోసారి ఆపి మంచినీళ్లు, టీ ఇచ్చి కాసేపు వేరే కబుర్లు చెప్పండి.

కథా ప్రదర్శనలకు వీడియో తప్పదు. ఒగ్గు కథలో డోలు వాయించేవాళ్ల అడుగులు, బుర్రకథలో కథకుడి అందెలు, వంత పాడేవాళ్ల డక్కీలు ధ్వనిలో మాత్రమే పట్టుకోలేం. కెమెరాను స్టాండు మీద నిలిపి, మనిషి తల నుంచి పాదం దాకా కనబడేలా పెట్టి వదిలేయండి. ముఖం మీదికి జూమ్ చేస్తుంటే అడుగు పోతుంది. ప్రేక్షకులను కూడా కొంతసేపు తీయండి. వాళ్లు ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ దండం పెడుతున్నారు అన్నది కథలో భాగమే. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే తర్వాత వీడియోనూ విడిగా చేసిన ఆడియోనూ కలపడం సులువు.

ఆరో అడుగు: వివరాలు

పాటకొక అడ్డు వరస చొప్పున ఒక ఎక్సెల్ షీటు, దాంతోపాటు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ఊరు, మండలం, జిల్లా, పాడినవారి పేరు, వయసు, ఎవరు అందుకున్నారు, పాట మొదటి పాదం, ఊళ్లో దాన్ని ఏమంటారు, ఎప్పుడు పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరు వినొచ్చన్నారు అన్నవి అందరూ రాసేవే.

ఆడవాళ్ల పాటలకు వీటికి తోడు తప్పనిసరిగా రాయాల్సింది పుట్టినూరు. పెళ్లయిన ఆడపిల్లతోపాటు పాట కూడా ప్రయాణం చేస్తుంది. కర్నూలు జిల్లాలో రికార్డు చేసిన అప్పగింతల పాట నిజానికి పాలమూరు నుంచి కోడలిగా వచ్చినావిడది కావచ్చు. మెట్టినూరు ఒక్కటే రాసుకుంటే ఆ పాట దారి తెలియదు. అమ్మ దగ్గర నేర్చుకుందా, అత్త దగ్గర నేర్చుకుందా అన్నది కూడా అడగండి.

వృత్తి కథకులైతే వాళ్లు ఏ కులానికి కథ చెబుతారు, ఏ ఊళ్లు వాళ్ల హక్కులో ఉన్నాయి, ఏ నెలల్లో తిరుగుతారు అన్నది రాయాలి. డక్కలివారు మాదిగలకు వాళ్ల కుల పుట్టుక కథ అయిన జాంబ పురాణం చెప్పడం లాంటివి ఆ సంబంధం తెలియకపోతే అర్థం కావు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడుస్తుంది కాబట్టి మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారులను ఆ రోజుల్లో ఇంటి దగ్గర పట్టుకోవడం కష్టం. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారెంపూడి పల్నాటి వీరుల ఉత్సవాలకూ ఇలాగే ముందే క్యాలెండర్ చూసుకోవాలి.

పేరు విలువ ఎంతో పల్నాటి వీరుల కథే చెబుతుంది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఆ కథను రికార్డు చేసి, అనువదించి 1982లో ప్రచురించినప్పుడు, అది అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠమని పుస్తకం పేరులోనే రాశారు. ఇప్పుడు ఎవరు ఆ పుస్తకం ఎత్తినా ఆ కథకుడి పేరు చదవాల్సిందే. మీ ఫైళ్లకూ అంతటి గౌరవం దక్కాలి.

ఏడో అడుగు: అదే రాత్రి ఫైళ్లు

ఇంటికి రాగానే కాపీ చేయండి, రేపటికి వాయిదా వేయకండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, నెల, రోజు, తర్వాత ఊరు, తర్వాత పాట నంబరు రావాలి. ఇలా పెడితే కంప్యూటరే వాటిని తేదీల వరుసలో పేరుస్తుంది. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెడితే ఏ మెషీన్‌లోనైనా తెరుచుకుంటాయి. తెలుగు పేర్లన్నీ షీటులో ఉంటాయి కదా.

అసలు ఫైలును ఎప్పుడూ ముట్టుకోకండి. కత్తిరింపులు, దుమ్ము దులపడాలు అన్నీ కాపీ మీదే. మూడు కాపీలు ఉండాలి: రెండు వేర్వేరు రకాల నిల్వల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఉదాహరణకు ఒక హార్డ్ డిస్క్ మీ ఇంట్లో, ఇంకొకటి పట్నంలో తమ్ముడి ఇంట్లో, మూడోది క్లౌడ్‌లో. పెన్ డ్రైవ్, మెమొరీ కార్డు తాత్కాలికమే. ఉచిత గూగుల్ అకౌంట్‌లో 15 జీబీయే వస్తుంది. రెండేళ్లు తెరవని అకౌంట్‌ను గూగుల్ తొలగించవచ్చు కూడా. మనిషి పోతే ఆయనతోపాటు ఆ పాటలూ పోతాయన్నమాట. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపండి, వాయిస్‌గా పంపితే ధ్వని కుదించుకుపోతుంది.

ఎనిమిదో అడుగు: రాతలోకి

విన్నది విన్నట్టు రాయండి. ఆమె "సూడు" అంటే "సూడు" అనే రాయాలి. "ఏడికి", "గీడ" లాంటివి దిద్దొద్దు. "ఉయ్యాలో", "కోలు" లాంటి ఊతపదాలను ప్రతి పాదంలోనూ రాయండి, అవి లేకపోతే తాళం తెలియదు. మాటను రాతగా మార్చే యాప్‌లు యాసను పాఠ్యపుస్తకం భాషలోకి దిద్దేస్తాయి కాబట్టి వాటిని నమ్ముకోకండి. అర్థం కాని మాట దగ్గర సమయం వేసి ఖాళీ వదలండి. ఊహించి నింపితే తర్వాతివాళ్లు దాన్నే నిజమనుకుంటారు.

రాసింది పట్టుకుని పాడినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి వినిపించండి. ఇలా రెండోసారి కూర్చున్నప్పుడు మొదటిసారి రానివి ఎన్నో వస్తాయి: మాట అర్థం, మరిచిన చరణం, "ఇది మాత్రం ఎవరికీ వినిపించకు" అనే కొత్త షరతు. అదే పాట ఇంకో ఇంట్లో వేరుగా దొరికితే ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనకండి. రెండూ దాచండి.

పాత క్యాసెట్లు ఉంటే

చాలా ఇళ్లల్లో 80లు, 90ల నాటి క్యాసెట్లు బీరువా అడుగున ఉంటాయి. ముందు దాని పైభాగంలో ఉన్న రెండు చిన్న చెవులు విరిచేయండి, పొరపాటున కూడా దాని మీద రికార్డు కాదు. బూజు కనబడితే ప్లేయర్‌లో పెట్టొద్దు, తెలిసినవాళ్లకు చూపించండి. బాగున్న క్యాసెట్‌నైనా ఒకసారి ముందుకీ వెనక్కీ పూర్తిగా చుట్టి, ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అప్పుడు వేయండి. చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లకన్నా పాత మంచి డెక్కే నయం. మొదటిసారి ప్లే చేసినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, నాసిగా ఉన్న టేపు రెండోసారి పాడకపోవచ్చు. లోపలి అట్ట మీద నాన్న చేతిరాతతో ఉన్న జాబితాను ఫొటో తీయడం మరవకండి.

తొమ్మిదో అడుగు: పంచుకోవడం

మొదటి కాపీ పాడినవాళ్లకే. స్పీకర్‌లో వేసి వినిపించే మెమొరీ కార్డుగా ఇస్తే ఇంటిల్లిపాదీ వింటారు. రెండోది ఊరి బడికి, గ్రంథాలయానికి.

యూట్యూబ్ పంచుకోవడానికి బాగుంటుంది, దాచుకోవడానికి పనికిరాదు. అక్కడ ఎక్కించిన నాణ్యతలో ఫైలు మళ్లీ చేతికి రాదు. దయచేసి పాట కింద కీబోర్డు, రిథమ్ ప్యాడ్ కలపకండి. వినేవాళ్లు పెరుగుతారేమో గానీ, ఆ గొంతు ఏ శ్రుతిలో, ఏ నడకలో ఉందో కప్పబడిపోతుంది. వివరణలో పాడినవారి పేరు మొదటి వరసలో, మీ పేరు చివరి వరసలో రాయండి.

వికీమీడియా కామన్స్‌లో పెడితే ఎవరైనా, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. అక్కడి లైసెన్సుల షరతే అది. పాడినవాళ్లు "అమ్ముకోకూడదు" అంటే అక్కడ పెట్టకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వ్యాపార వాడకం కాదన్న లైసెన్సు కూడా ఎంచుకోవచ్చు, వేవ్ ఫైలు ఉన్నదున్నట్టు ఉంటుంది.

విదేశాల్లో బతుకమ్మ ఆడే తెలుగువాళ్లకు సినిమా పాటలు తప్ప వేరేవి అందడం లేదని వింటుంటాం. వాళ్లకు పాటతోపాటు తెలుగు రాత, చప్పట్ల నడక వినిపించే చిన్న ముక్క కలిపి పంపితే పిల్లలు నేర్చుకోగలరు.

పదో అడుగు: ఆర్కైవ్‌కు ఇవ్వడం

హైదరాబాద్‌లో 1985లో మొదలైన తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. గురుగ్రామ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో నెలకొల్పిన సంగీత ఆర్కైవ్ ఉంది, దేశమంతటి జానపద రికార్డింగులను దాచడం దాని పని. ఎక్కడికైనా ఇచ్చేముందు అడిగి తెలుసుకోండి: ఎవరు వినొచ్చు? పాడినవాళ్లు పెట్టిన షరతులు రాసుకుంటారా? వాళ్ల పిల్లలు అడిగితే కాపీ ఇస్తారా? తర్వాత వద్దంటే వెనక్కి ఇస్తారా? జవాబు కాగితం మీద తీసుకోండి. షీటు లేకుండా ఉత్త డిస్క్ ఇస్తే ఎంత మంచి ఆర్కైవ్ అయినా ఏమీ చేయలేదు.

ఇక మీ దగ్గరున్న కాపీలకు ఏడాదికోసారి పని ఉంటుంది. బతుకమ్మకో సంక్రాంతికో అందరూ ఇంటికొచ్చినప్పుడు రెండు డిస్క్‌లూ తెరిచి అక్కడక్కడ ఫైళ్లు వినండి. అయిదేళ్లు దాటిన డిస్క్‌ను కొత్తదానిలోకి మార్చండి. ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, పాస్‌వర్డ్‌లు ఏమిటి, ఏ పాటకు ఏ షరతు అన్నది ఒకే పేజీలో రాసి, ఇంట్లో ఒకరికి, ఊళ్లో నమ్మకస్తులైన ఇంకొకరికి ఇవ్వండి. "మా ఇంటి వరకే" అన్న పాటల పక్కన, పాడినావిడ తర్వాత ఆ నిర్ణయం ఎవరిదో కూడా ఆమెనే అడిగి పేరు రాయండి. కూతురు కావచ్చు, మనవరాలు కావచ్చు.